70 ఎఫ్‌పీఎస్ ఉన్నా ఆట ఎందుకు బిగుసుకుంటోంది?

ప్రశ్న: మా అబ్బాయికి పీసీ కట్టించాను. ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఒకటే 8 జీబీ ర్యామ్. కారు నడిపే గేమ్‌లో కొత్త వీధిలోకి తిరిగినప్పుడల్లా బొమ్మ చటుక్కున బిగుసుకుని మళ్లీ కదులుతోంది. మూలనున్న అంకె మాత్రం 70 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 70 ఫ్రేములు, అంటే బొమ్మలు) చూపిస్తోంది. షాపులో ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై డబ్బా) మార్చమంటున్నారు. మార్చాలా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆగండి, ఇప్పుడే డబ్బులు తీయకండి. పవర్ చాలకపోతే మామూలుగా పీసీ ఆఫ్ అయిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. వీధి మలుపులు చూసుకుని మరీ బిగుసుకోదు.

ఆ 70 అనేది సగటు. గంటకు ఆరు బస్సులని చెప్పి, ముప్పావుగంట ఒక్కటీ రాకుండా చివర్లో ఆరూ వరసగా వచ్చినా లెక్క సరిపోయినట్టే కదా! 60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో రావాలి. మధ్యలో ఒకటి 100 మిల్లీసెకన్లు తింటే సగటు పెద్దగా పడదు, కంటికి మాత్రం దొరికిపోతుంది.

నా అనుమానం కార్డు మెమరీ మీద. గేమ్ ఆడుతుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కండి. డెడికేటెడ్ మెమరీ (కార్డు సొంతది) 4 జీబీ అంచున నిలబడి, షేర్డ్ మెమరీ (ర్యామ్ నుంచి అరువు తెచ్చుకునేది) పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. కార్డులో పట్టని సరుకు మదర్‌బోర్డు మీది ర్యామ్‌లోకి పొర్లుతోందన్నమాట.

మీ కార్డుకి ఇది మరీ ఇబ్బంది. స్లాట్‌లో కూర్చునే భాగం పొడుగ్గా కనిపించినా, అది వాడేది నాలుగు లేన్లే (డేటా నడిచే దారులు). పీసీఐఈ (ఆ స్లాట్ రకం) 4.0 బోర్డయితే సెకనుకు దాదాపు 8 జీబీ నడుస్తుంది. మీ ప్రాసెసర్ 3.0 దగ్గరే ఆగింది కాబట్టి అందులో సగమే. కార్డు సొంత మెమరీ వేగం సెకనుకు 144 జీబీ! పొర్లిన సరుకు తెచ్చుకునేసరికి ఫ్రేమ్ ఆలస్యమవుతుంది.

పోయిన వేసవిలో ఒక కుర్రాడు ఇదే బాధతో సీపీయూని బైక్ మీద ఒళ్లో పెట్టుకుని మా షాపుకి తెచ్చాడు. దుమ్ము ఊదాం, పేస్ట్ మార్చాం, ఏమీ లాభం లేదు. చివరికి గేమ్ సెట్టింగ్స్‌లో టెక్స్చర్ క్వాలిటీని (గోడలు, రోడ్ల మీద పరిచే బొమ్మల నాణ్యత) హై నుంచి మీడియంకి దించాను. అదే మలుపులో నాలుగుసార్లు తిప్పి చూసి, "అంకుల్, దీనికా మూడు వారాలు టెన్షన్ పడ్డాను!" అన్నాడు. మీరూ ముందు అదే చెయ్యండి. షాడోలు, మిగతావి తర్వాత చూడొచ్చు.

అప్పటికీ తగ్గకపోతే ర్యామ్. ఒక్క 8 జీబీతో ఈ రోజుల్లో కష్టం. అదే వేగంది ఇంకొకటి వేస్తే డ్యూయల్ ఛానెల్ అవుతుంది, అంటే రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి. నాలుగు స్లాట్ల బోర్డయితే సాధారణంగా రెండోది, నాలుగోది వాడాలి. బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది.

ఒక్క మెలిక ఉంది. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా అప్‌డేట్ చేశాక షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవుతాయి కాబట్టి మొదట కాసేపు ఆగి ఆగి రావడం మామూలే. గేమ్ మూయకుండా అదే వీధిలో రెండోసారి తిరగండి. ఈసారి సాఫీగా వెళ్తే దాన్ని వదిలేయండి.

ఇవన్నీ చేశాక కూడా బిగుసుకుంటే మళ్లీ రాయండి. ఎఫ్‌పీఎస్ ఎంతో నాకొద్దు, డెడికేటెడ్, షేర్డ్ అంకెలు రెండూ రాయండి.