అల్లుడికి, వోల్టులూ ఆంప్సుల గురించి

ఒరేయ్ అల్లుడూ,

ఐటీఐలో చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే "మామయ్యా, దేన్ని దేనితో భాగించాలో, దేన్ని దేనితో గుణించాలో కలగాపులగం అయిపోతోంది" అని ఫోన్లో గోల పెట్టావు. ఫోన్లో చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తావని రాస్తున్నా.

వోల్టుల్ని ఆంప్సుతో భాగిస్తే ఓమ్‌లు, అంటే నిరోధం. అదే వోల్టుల్ని ఆంప్సుతో గుణిస్తే వాట్లు, అంటే పవరు. పుస్తకంలో పేజీ నిండా ఉన్న మిగతా సూత్రాలు ఈ రెండింటికి పుట్టినవే, బట్టీ పట్టకు. అసలు తికమక మన మాటలోనే ఉందిరా. "కరెంటు పోయింది" అంటే సప్లై పోయిందని, "ఈ నెల కరెంటు ఎక్కువ కాలింది" అంటే యూనిట్లు పెరిగాయని. పుస్తకంలో కరెంటంటే ఆంప్సు ఒక్కటే. లెక్క రాసేటప్పుడు ఇంటి మాటను చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలెయ్.

మొన్న కొట్టుకి ఒకాయన ఇస్త్రీ పెట్టె తెచ్చాడు. మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంది. సరిగ్గా వేడెక్కట్లేదట. పెట్టి చూస్తే 218 వోల్టులు, 4.1 ఆంప్సు. గుణిస్తే 894 వాట్లు. "చూశారా, వెయ్యని రాసి మోసం చేశారు" అన్నాడాయన. నేను భాగించి చూపించా: 53 ఓమ్‌లు. ఆ 53 ఓమ్‌లకే 230 వోల్టులిస్తే 4.3 ఆంప్సు చొప్పున దాదాపు 1000 వాట్లు వస్తాయి. పెట్టె బంగారంలా ఉంది, వోల్టేజీయే తక్కువ. వాళ్ల వీధిలో సాయంత్రం 190కి పడిపోతుందట. అప్పుడు 3.6 ఆంప్సు, 680 వాట్లే. చొక్కా మడతలు ఎలా పోతాయి? వాట్లు పూటకో రకంగా మారతాయి, వస్తువు బాగుందో లేదో చెప్పేది ఓమ్‌లే. ఇది నీకెవరూ పరీక్షలో అడగరు, కొట్టులో మాత్రం రోజూ అడుగుతారు.

అందుకే రెండు రీడింగులూ ఒకేసారి, లోడు మీద, అంటే వస్తువు పనిచేస్తున్నప్పుడే తీసుకో. పొద్దున వోల్టులు, మధ్యాహ్నం ఆంప్సు రాసుకుంటే లెక్క తప్పకుండా తప్పుతుంది. ఇస్త్రీ పెట్టె అయితే దీపం వెలుగుతున్నప్పుడే చూడు, ఆరాక చూస్తే సున్నా. టాంగ్ టెస్టర్‌ని, అంటే తీగ చుట్టూ పట్టకారులా పట్టి ఆంప్సు చూపే మీటర్‌ని, ఫేజు తీగ ఒక్కదానికే తగిలించాలి. వైరు మొత్తాన్ని పట్టిస్తే పోయేదీ వచ్చేదీ కొట్టుకుపోయి సున్నా చూపిస్తుంది. మల్టీమీటర్ సంగతి సిగ్గు విడిచి చెబుతున్నా. కొత్తలో మీటర్ ఎర్ర తీగని, అదే ప్రోబుని, 10 ఆంప్సు రంధ్రంలోనే ఉంచేసి, వోల్టులు చూద్దామని ప్లగ్గులో పెట్టా. ఆ రంధ్రంలో నిరోధం దాదాపు ఉండదు, షార్టయి ఢమాల్‌మంది. ప్రోబు కొన నల్లగా కాలిపోయింది, మీ తాతయ్య వారం రోజులు మాట్లాడలేదు.

లూజు కాంటాక్టు గురించి మాత్రం నిదానంగా చదువు. 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంప్సు తీసుకుంటుంది. ఒకింట్లో ప్లగ్గు పదేపదే కరిగిపోతోందని పిలిస్తే వెళ్లా. మార్చినవాళ్లంతా ప్లగ్గునే తిట్టారు. గీజరు వేసి, సాకెట్ లోపలి స్క్రూకీ దానికొచ్చే తీగకీ మధ్య వోల్టులు చూశా: 4. పైకి చూస్తే 4 వోల్టులు ఏమూలకి? కానీ 8.7తో గుణించు, దాదాపు 35 వాట్లు. నేను తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది! దానికంటే పెద్దది ఆ గోడలో రోజూ గంటసేపు కాలుతోందన్నమాట. భాగిస్తే అర ఓమ్ కూడా లేదు. మీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి చూస్తే ప్రోబు తీగల నిరోధంలోనే కలిసిపోయి నీకు దొరకదు. ఇలా సప్లై ఉండగా చూసే పని మీ సార్ పక్కన లేకుండా చెయ్యకు, చెప్పానంతే.

రెండు చోట్ల ఈ లెక్క నిన్ను బోల్తా కొట్టిస్తుంది. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలుగుతుంటే 880 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు మీటర్ అందులో పదో వంతు కూడా చూపించదు. వేడికి ఫిలమెంటు నిరోధం పెరుగుతుంది, అంతే.

రెండోది మోటారు. 5 హెచ్‌పీ త్రీఫేజు మోటారు 415 వోల్టుల మీద 7.5 ఆంప్సు తీసుకుంటుంటే, ఆ రెండింటినీ గుణించి, త్రీఫేజు కాబట్టి 1.732తోనూ, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులూ ఆంప్సుల లబ్ధంలో నిజంగా పవరయ్యే వంతు) 0.8తోనూ గుణిస్తే 4300 వాట్ల చిల్లర. అందులో 3730 వాట్లు, అంటే ఆ 5 హెచ్‌పీ, తిరిగే షాఫ్టుకి, మిగతాది వేడికి. పైగా ఇస్త్రీ పెట్టెకి వోల్టులు తగ్గితే ఆంప్సు తగ్గుతుంది. నీళ్లు తోడుతున్న మోటారుకి వోల్టులు తగ్గితే ఆంప్సు పెరిగి కాయిల్ మాడుతుంది. ఆ మాడిన కాయిళ్లే ఇన్నేళ్లూ నాకు తిండి పెట్టాయనుకో.

ఆదివారం ఇంటికెళితే మా అక్క ఇస్త్రీ పెట్టె పొద్దున ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి చూసి నాలుగు అంకెలూ పంపు. ఓమ్‌లు రెండుసార్లూ ఒకటే రాకపోతే మళ్లీ ఫోన్ చెయ్.

మీ మామయ్య