నూరువరహాల ఆకులు పసుపెక్కుతుంటే ముందు మట్టి చూడండి

ఎప్పుడూ తడిగా ఉండే మూలలో, గోడ పక్కన నాటిన నూరువరహాల మొక్కకి ఆకులు పసుపెక్కుతున్నాయి, ఇంకాస్త యూరియా వేయనా అని అడిగారు. వద్దండీ, ఇప్పుడు అస్సలు వేయకండి.

లేత ఆకుని దగ్గరగా చూడండి. ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పాలిపోతే, మొక్కకి ఇనుము అందడం లేదన్నమాట. మట్టిలో ఇనుము ఉన్నా, నీళ్లు నిలిచి వేళ్లకి గాలి ఆడకపోతే మొక్క దాన్ని తీసుకోలేదు. గోడ నుంచి సున్నం, సిమెంటు రాలి మట్టిలో కలిసినా అంతే.

పక్కనే అడుగు లోతు గుంట తీసి నీళ్లు పోయండి. మర్నాటికీ ఇంకకపోతే మొక్కని మట్టిగడ్డతో సహా పైకి తీయండి. తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్లు మంచివే. లాగితే పైతొక్క ఊడి దారంలా మిగిలేవి కుళ్లినట్టే, కత్తిరించేయండి. గోడకి కాస్త దూరంగా అడుగు ఎత్తు దిబ్బ చేసి, బాగా మాగిన ఆకు ఎరువు కలిపి పైన నాటండి. బంకమట్టిలో గుప్పెడు ఇసుక కలిపి సరిపెట్టుకోవద్దు, ఇంకా గట్టిపడుతుంది. బూడిద, గుడ్డు పెంకులు కూడా వద్దు (ఎవరిని అడిగినా అవే వేయమంటారు, ఈ మొక్కకి మాత్రం పడవు).

తర్వాత వచ్చే చిగురు కూడా పాలిపోతేనే చీలేటెడ్ ఐరన్ (మొక్క సులువుగా తీసుకోగలిగే రూపంలో ఉండే ఇనుము) పిచికారీ చేయండి. పాత ఆకులు పచ్చబడలేదని టెన్షన్ పడకండి.

దిబ్బ కుదరకపోతే నూరువరహాలుని కుండీలోకి మార్చి, ఆ మూలకి వావిలి పెట్టండి. వాగుల ఒడ్డున తనంతట తానే పెరిగే పొద, నీలి పూలు పూస్తుంది.