జంబో కథ చెప్పబోయే ముందు

అమ్మడూ,

సెలవుల్లో మీ ఊరి లైబ్రరీలో పిల్లలకి జంబో ఏనుగు కథ చెబుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఎంత సంతోషమేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మంచినీళ్లు దగ్గర పెట్టుకో. గబగబా చెప్పకు. ఒక జంబో ప్యాక్ బిస్కట్లు చూపించి మొదలుపెట్టు, ఆ మాట మన దాకా పాకింది ఈ ఏనుగు పేరు మీదే.

నా భయమంతా కథ చివర గురించి. 1885 సెప్టెంబర్ 15 రాత్రి, కెనడాలోని సెయింట్ థామస్‌లో, సర్కస్ ఆట ముగిశాక గూడ్సు బండి గుద్ది జంబో చనిపోయింది. టామ్ థంబ్ అనే చిన్న ఏనుగుని కాపాడబోయి ప్రాణమిచ్చిందని దాని యజమాని, అమెరికా సర్కస్ వ్యాపారి బార్నమ్ ఊరూవాడా చాటాడు. నేనూ ఏళ్ల తరబడి క్లాసులో అదే చెప్పాను, తొండంలా చెయ్యి ఊపుతూ. పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకుంటే గర్వపడేవాణ్ని.

ఒక ఏడాది ఏడో తరగతిలో రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు లేచాడు. బక్కపిల్లాడు, చొక్కా మధ్య గుండీ ఊడిపోతే అక్కడ పిన్నీసు. "మాస్టారూ, బండొచ్చే పట్టాల మీద ఏనుగుని ఎవరు నడిపించారండీ? మా నాన్న జెండా పాతందే పని మొదలెట్టడు" అన్నాడు. నాకు జవాబు తెలీదు. "కథ పాడు చెయ్యకు, కూర్చో" అని కసిరాను. కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మళ్లీ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ పిన్నీసు ఇప్పటికీ కళ్లకి కనిపిస్తుంది.

తర్వాతే వెతికి చదివాను. మిగతా ఏనుగుల్ని పెట్టెల్లోకి ఎక్కించేసి, చివర్న ఈ రెండింటినీ పట్టాల వెంబడే తీసుకొచ్చారు. ఒక పక్క ఏటవాలు గట్టు, ఇంకో పక్క సర్కస్ పెట్టెలు, తప్పుకోడానికి చోటే లేదు. టామ్ థంబ్ కాలు విరిగినా బతికింది. జంబోని నడిపించింది మాథ్యూ స్కాట్, లండన్ నుంచి దాని వెంటే వచ్చిన మావటి, దాన్ని ప్రాణంగా చూసుకున్నవాడు. అతన్ని దుర్మార్గుణ్ని చెయ్యకమ్మా. అలాగని జంబోని త్యాగమూర్తిని చేశావో, ఆ కుర్రాడి ప్రశ్నని నాలాగే నువ్వూ నొక్కేసినట్టు.

లండన్ రోజులూ దాచకు. 1865 నుంచి జూలో పగలు పిల్లల్ని వీపున మోసేది, రాత్రిళ్లు వెర్రెత్తినట్టు గోడల్ని కుమ్మి దంతాలు విరగ్గొట్టుకునేది. కొమ్మలూ బెరడూ నమలాల్సిన నోటికి మెత్తటి గడ్డి పెట్టడంతో పళ్లు వంకరగా పెరిగాయనీ, ఆ నొప్పికే అలా చేసి ఉంటుందనీ దాని ఎముకల్ని పరీక్షించినవాళ్లు అంటారు. 1882లో 2,000 పౌండ్లకి బార్నమ్‌కి అమ్మేస్తే, ఓడ దగ్గరికి నడవమంటే నడిరోడ్డు మీద పడుకుంది. అక్కడ కాస్త ఆగు తల్లీ. పిల్లల్ని మాట్లాడనివ్వు.

ఎవరైనా చెయ్యి ఎత్తితే కథ ఎక్కడుంటే అక్కడ ఆపు. నీకు జవాబు తెలీకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ పెద్దనాన్న