పైసల లెక్క గురించి మా సింధుకి

చి. సింధుకి మావయ్య ఆశీస్సులు.

నెలాఖరు రిపోర్టులో మూడు పైసలు తేడా వస్తోందనీ, చివర్లో ఒక రౌండ్ పెట్టేసి వదిలెయ్యమని వైట్‌ఫీల్డ్‌లో మీ టీమ్ వాళ్ళు అంటున్నారనీ చెప్పావు. ఒప్పుకోకమ్మా. పైసలు ఎక్కడ పోతున్నాయో తెలియకుండా రౌండ్ పెడితే తేడా కంటికి కనబడదు, అంతే. లెక్కలో అలాగే ఉంటుంది.

ముందు డేటాబేసులో ఆ అమౌంట్ కాలమ్ టైపేమిటో చూడు. ఫ్లోట్ గానీ డబుల్ గానీ, అంటే దశాంశాల్ని సుమారుగా దాచే టైపులైతే, సగం జవాబు దొరికినట్టే. మనం 0.1 అని రాసేది బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1 అంకెల లెక్కలో, ఎప్పటికీ తెగదు. ఎక్కడో ఒకచోట కత్తిరించి దాచాల్సిందే. అందుకే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. తప్పు డేటాబేసుది కాదు, ఇలాంటి సంఖ్యల కోసం 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం చెప్పినట్టే ప్రాసెసర్ చేస్తోంది. సెన్సర్ రీడింగులకు అది చక్కగా సరిపోతుంది, డబ్బుకి పనికిరాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో రియల్ (చిన్న సైజు ఫ్లోట్) కాలమ్‌లో 1,67,77,217 రూపాయలు వేసి తిరిగి తీసి చూడు, 1,67,77,216 వస్తుంది. పైసలు కాదు, ఏకంగా రూపాయే పోయింది! ఇది మీ మేనేజర్ ముందు చేసి చూపించు, ఇంక వాదించే పనుండదు.

కాలమ్‌ని న్యూమరిక్‌కి మార్చు, అది దశాంశాల్ని ఉన్నవి ఉన్నట్టు దాచే టైపు. మీ డేటాబేసు మైఎస్‌క్యూఎల్ అయితే డెసిమల్. పాతది వెంటనే తీసెయ్యకు. కొత్తది పక్కన పెట్టి, ఒక నెల బిల్లులు రెండింట్లోనూ నడిపి, తేడా వచ్చిన ప్రతి బిల్లూ విప్పి చూడు. మీ మొబైల్ యాప్‌లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు ఉంటే మాత్రం జాగ్రత్త. డెసిమల్ అని రాసినా అది మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుంది, లోపల 10.35ని ఫ్లోట్‌గానే దాస్తుంది. అక్కడ మొత్తాన్ని పైసల్లోకి మార్చి 1035 అని పూర్ణాంకంగా పెట్టు.

ఇంత చేశాక కూడా తేడా రావచ్చు, టెన్షన్ పడకు. 10.50 రూపాయల వస్తువులు మూడు ఉన్నాయనుకో. ఒక్కోదానికి సీజీఎస్టీ 9 శాతం అంటే 0.945, రౌండ్ చేస్తే 0.95, మూడింటికీ 2.85. అదే మొత్తం 31.50 మీద వేస్తే 2.835, అంటే 2.84. కూడికలో తప్పు ఎక్కడా లేదు, రౌండ్ చేసిన చోటు మారింది. నా అనుభవంలో ఎక్కువ గొడవలు ఇక్కడివే, ఫ్లోట్‌వి కావు. ఏ చోట రౌండ్ చెయ్యాలో ప్రోగ్రామర్లు తేల్చకూడదు. మీ అకౌంట్స్ వాళ్ళని అడిగి, జవాబు మెయిల్లో తీసుకో. తర్వాత ఆ రౌండ్ కోడ్ మొత్తంలో ఒక్క ఫంక్షన్‌లోనే ఉండాలి.

ఇంకొకటి. పోస్ట్‌గ్రెస్‌లో 2.5ని న్యూమరిక్‌గా రౌండ్ చేస్తే 3 వస్తుంది, డబుల్‌గా చేస్తే మామూలుగా 2 వస్తుంది. కాలమ్ టైపు మారిస్తే ఈ పద్ధతి కూడా మారిపోతుందన్నమాట. సరిగ్గా సగం దగ్గర ఆగే మొత్తాలతో నాలుగు టెస్టులు మార్పుకి ముందే రాసి పెట్టుకో.

మీ మావయ్య