అమ్మ పుస్తకంలో పేకాట ఉండొచ్చా?

ప్రశ్న: మా అమ్మ స్వేచ్ఛాజీవి. లూనా నడిపేది, పేకాడేది, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి పూరీ వెళ్లొచ్చేది. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేసి వంద మందికి పంచాలనుకుంటున్నాం. పేకాట, రైలు సంగతులు తీసేయమంటున్నాడు అన్నయ్య. పైగా ఏది ఏ ఏడాది జరిగిందో మాకెవరికీ సరిగ్గా తెలీదు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తీసేయకండి. ‘సహనమూర్తి, అన్నపూర్ణ’ అని నింపేస్తే అట్ట మీద ఎవరి అమ్మ ఫొటో వేసినా సరిపోతుంది. ముక్కలు ఎలా కలిపేది, పందెం డబ్బులకా ఊరికేనా, ఓడితే ఏమనేది అన్నవి రాస్తేనే ఆవిడ కనబడుతుంది. అన్నయ్య మాట ఒక్కచోట వినండి. బతికున్న మూడో మనిషిని నొప్పించే సంగతేదైనా ఉంటే, అచ్చుకు ముందే ఆ పేజీ వాళ్లకు చదివి వినిపించండి.

సంగతులు అడగడానికి చుట్టాల కంటే ముందు పేకాట జట్టు దగ్గరికి వెళ్లండి. ‘అమ్మ ఎలా ఉండేది?’ అంటే ‘దేవత’ అని ఊరుకుంటారు. ‘దారిలో పెట్రోలు అయిపోతే లూనా పెడల్ తొక్కుకుంటూ వచ్చేదా, ఎవరినైనా తొక్కమనేదా?’ అని అడిగి చూడండి, మాట అదే సాగుతుంది. ఫోన్లో రికార్డు చేసుకోండి. ఒకసారికి ఒకరినే కూర్చోబెట్టండి. ఇద్దరుంటే గొంతు పెద్దదైన వాళ్ల కథే మిగులుతుంది.

పెద్దవాళ్లు ఏడాదిని అంకెల్లో చెప్పరు, గుర్తుల్లో చెబుతారు. గోదావరి పుష్కరాలంటే 1967, 1979, 1991, 2003, 2015. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడుతుందని జనం హడలిపోయింది 1979 జులైలో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ‘వికృతిలో పుట్టింది’ అంటే 1950 ఉగాదికీ 1951 ఉగాదికీ మధ్యన. ఆ పేరు మళ్లీ అరవై ఏళ్లకు, 2010లో వచ్చింది. స్కూలు సర్టిఫికెట్లో పుట్టినరోజును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. ఆ తరంలో చాలామందికి అది బళ్లో చేర్చిన రోజున మాస్టారు వేసిన తేదీ.

అచ్చుకు 1/8 డెమ్మీ సైజు, 48 పేజీలు చాలు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి, లేదంటే చివర తెల్లకాగితాలు మిగులుతాయి. లోపలికి 80 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్లిథో, అంటే మామూలు తెల్ల అచ్చు కాగితం, ఫొటోలకు 130 జీఎస్‌ఎం నున్నటి ఆర్ట్ పేపరు. వంద కాపీలకు డిజిటల్ ప్రింటే మేలు. ఆఫ్‌సెట్లో పది కాపీలైనా వెయ్యి కాపీలైనా ప్లేట్ల ఖర్చు తగ్గదు. అసలు తంటా అక్షరాలతో. మీరు ఫోన్లో కొట్టేది యూనికోడ్. డీటీపీ వాళ్లు దాన్ని అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు అక్షరాలు) మారిస్తే వత్తులు ఎగిరిపోవడం, ఒకదాని బదులు ఇంకొకటి రావడం మామూలే. మార్చక ముందు కాదు, మార్చిన తర్వాత, కాగితం మీద ప్రూఫు దిద్దండి. పేర్లు రెండుసార్లు చూడండి. పేరు తప్పు పడిన మేనత్త పుస్తకమంతా వదిలేసి ఆ ఒక్క లైనే చదువుతుంది!

ప్రశ్న: పాత ఆల్బంలో అమ్మ ఫొటోలు జిగురు పేజీలకు అతుక్కుపోయాయి. లాగితే చిరుగుతున్నాయి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: లాగడం ఆపి, ముందు పేజీని ఉన్నదున్నట్టు స్కాన్ చేయండి. తర్వాత ఏమైనా అది మిగులుతుంది. మైనం పూయని డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫొటో మూల కిందికి దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ ఆడిస్తూ లోపలికి జరపండి. కదలకపోతే పేజీ వెనక నుంచి హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో కొద్ది సెకన్లు చూపించండి. నీళ్లు తగలనివ్వొద్దు. ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫొటో జోలికే పోకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి.

600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే అచ్చులో రెట్టింపు సైజు వరకు చెదరదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫొటో వెనక పేర్లు మెత్తని పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను గీత ముందుకు పొడుచుకొస్తుంది.

ప్రశ్న: అమ్మ పాటలు పాడిన క్యాసెట్ ఒకటి దొరికింది. వెంటనే వేసి వినొచ్చా?

జవాబు: వినాలనిపిస్తుంది, కానీ ఆగండి. టేపు అంచున తెల్లటి బూజు ఉంటే అసలు వేయొద్దు, శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వండి. బూజు లేకపోతే క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరగదు. ప్లేయర్ హెడ్‌ను (టేపు తగిలే లోహపు భాగం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పండి. శబ్దం మందంగా వస్తే లోపలి చిన్న ఫెల్ట్ ముక్క ఊడిందేమో చూడండి. స్క్రూలున్న మరో క్యాసెట్ డబ్బాలోకి టేపు చుట్టిన చక్రాలు మార్చితే సరిపోతుంది. మొదటిసారి వినేటప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించండి. వేవ్ ఫైలుగా నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే గంట నిడివి ఉండే సీ-60 క్యాసెట్‌కు 600 ఎంబీ పడుతుంది. పాట మధ్యలో దగ్గు, కుక్కరు కూత వినబడినా కత్తిరించకండి.