పరిచర్య బాగా సాగుతున్నప్పుడే గర్వం, శోధన ఎందుకు ఎక్కువవుతున్నాయి? హృదయాన్ని ఎలా కాపాడుకోవాలి?

మీ ప్రశ్నలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "నీరసించి ఉన్న రోజున కాదు, కూడిక బాగా జరిగిన రోజునే పడిపోతున్నాను" అన్నారు. నాకూ సరిగ్గా అలాగే జరిగింది.

నేను సంఘ కాపరిని కాను. యౌవనస్తుల కూడికల్లో వాక్యం చెబుతుంటాను. మొదట్లో లేచి నిలబడాలంటే చేతులు వణికేవి. ముందుగా ఒక గంట మోకరిస్తే గాని ధైర్యం వచ్చేది కాదు. కొన్నేళ్లకు వణుకు పోయింది. దానితోపాటు ఆ గంట కూడా పోయిందని చాలాకాలం గమనించుకోలేదు.

ఒక కూడికలో వాక్యం ముగిసేసరికి చాలామంది కన్నీళ్లతో ప్రార్థిస్తున్నారు. బయటికి వచ్చాక ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "దేవుడు నిన్ను బలంగా వాడుకుంటున్నాడు బాబూ" అన్నారు. "మహిమంతా ప్రభువుకేనండీ" అన్నాను. నోరు ఆ మాట అంటూనే ఉంది, కళ్లు మాత్రం ఆయన భుజం మీదుగా ఇంకెవరు వస్తున్నారా అని వెతుకుతున్నాయి. ఇంటికి వెళ్లి ఆ ప్రసంగం వీడియో మూడుసార్లు చూసుకున్నాను, జనం ఏడ్చిన చోటికి వెనక్కి జరుపుకుంటూ మరీ. ఆ రాత్రే, ఆ ఫోనులోనే, చూడకూడనివి చూస్తూ కూర్చున్నాను. మధ్యలో చెయ్యి ఆగినప్పుడు లోపలి నుంచి ఒక మాట వచ్చింది: "ఈ రోజు ఇంత కష్టపడ్డావు కదా, ఈ ఒక్కసారికి ఫరవాలేదులే."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అప్పటివరకు గర్వం వేరు, పాపంలోకి లాగే శోధన వేరు అనుకుని, ఒకదానికి ఉపవాసం, ఇంకొకదానికి కన్నీళ్లు అన్నట్టు తంటాలు పడేవాణ్ణి. శోధన బయట నిలబడి ఎంత తట్టినా, లోపలి నుంచి గడియ తీసింది గర్వమే. నేను చేసిన సేవకు నాకు కొంత హక్కు వచ్చిందని అది లెక్క కట్టింది.

బైబిలులో రెండవ దినవృత్తాంతములు 26వ అధ్యాయం నిదానంగా చదవండి. ఉజ్జియా 16 ఏళ్లకు యూదా రాజ్యానికి రాజై 52 ఏళ్లు ఏలాడు. దేవుణ్ణి ఆశ్రయించినంతకాలం వర్ధిల్లాడు. గోపురాలు కట్టించాడు, బావులు తవ్వించాడు. బలపడ్డాక మనసు గర్వించింది. అయితే అతను వెళ్లింది విగ్రహాల గుడికి కాదు, యెహోవా మందిరానికే. చేయబోయింది కూడా ధూపం వేయడమే, కాకపోతే అది యాజకుల పని. అజర్యా, మరో 80 మంది యాజకులు అడ్డుపడితే, చేతిలో ధూపార్తి పట్టుకునే వాళ్ల మీద మండిపడ్డాడు. కుష్ఠు నుదుట కనిపించింది ఆ కోపంలోనే. అందుకే ఎవరైనా నా తప్పు చూపినప్పుడు నాకెంత కోపం వస్తోందో చూసుకుంటాను. నా గర్వాన్ని కొలవడానికి నాకు తెలిసిన కొలత అదొక్కటే. పొగడ్తలప్పుడు అందరం వినయంగానే ఉంటాం.

ఇక చేయవలసిన దాని సంగతి. శరీర సంబంధమైన శోధన దగ్గర, యజమాని భార్య పట్టుకున్నప్పుడు, యోసేపు అక్కడ నిలబడి వాదించలేదు, పైవస్త్రం వదిలేసి పారిపోయాడు. అక్కడే కూర్చుని "ప్రభువా, బలమివ్వు" అని ప్రార్థించడం నా అనుభవంలో ఎప్పుడూ పని చేయలేదు. ముందు ఆ గదిలోంచి బయటికి రావాలి, ప్రార్థన ఆ తర్వాత. గర్వం దగ్గర ఈ ఉపాయం కుదరదు. ఎక్కడికి పరుగెత్తినా మనతోనే వస్తుంది కాబట్టి, దానికి మరో మనిషి కళ్లు కావాలి.

అలా ఒకరికి చెప్పుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. చివరికి సంఘంలో ఒక పెద్దాయన ముందు ఒప్పుకున్నాను. వాక్యాలు చూపిస్తారనుకుంటే, "రాత్రి ఎన్ని గంటలకు? ఫోను ఎక్కడ పెట్టుకుంటావు?" అని అడిగారు. మూడు నెలలు వాక్యం చెప్పవద్దన్నారు, కుర్చీలు సర్దమన్నారు. రెండో వారానికే, అందరూ వచ్చే వేళ చూసుకుని మరీ కుర్చీలు సర్దుతున్నానని గ్రహించాను! ఆయనకు చెబితే పగలబడి నవ్వి, "అయితే ఇకనుంచి అందరూ వెళ్లిపోయాక సర్దు" అన్నారు.

కొందరు తమను తాము తిట్టుకోవడమే దీనత్వం అంటారు. నేను ఒప్పుకోను. "నేను ఎందుకూ పనికిరానివాణ్ణి" అని నలుగురిలో అన్నప్పుడల్లా, ఎవరైనా కాదనాలని నేనే ఎదురుచూసేవాణ్ణి. డెబ్బది మంది శిష్యులు దయ్యాలు తమకు లోబడుతున్నాయని సంతోషంగా తిరిగి వస్తే, యేసు వాళ్లను అసలు సంతోషించవద్దనలేదు. దయ్యాలు లోబడుతున్నందుకు కాదు, తమ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించమన్నాడు. ఇప్పుడు కూడిక బాగా జరిగినా, పేలవంగా సాగినా, ఇంటికి వెళ్లే దారిలో ఆ మాట ఒకసారి నోటితో చెప్పుకుంటాను.

మీరు కూడా ముందు ఒక మనిషిని వెతుక్కోండి. మీ ప్రసంగాలను మెచ్చుకునేవారిలో కాకుండా చూసుకోండి.

నా సంగతి అంటారా, వాక్యం చెప్పిన రోజున ఇంటికి రాగానే ఫోను మా ఆవిడ చేతికి ఇచ్చేస్తాను, తెల్లవారేదాకా ఆమె దగ్గరే ఉంటుంది. ఒక్కోసారి దీపం ఆర్పేముందు, "మీ వీడియో ఎంతమంది చూశారో చెప్పమంటారా?" అని ఆటపట్టిస్తుంది. వద్దంటాను. వద్దనడానికి ఇప్పటికీ ఒక క్షణం పడుతోంది.