సమాధానం: సర్వేలో అందరూ 'ఏం లేదు' అంటున్నారు, ఏం చేయాలి?

తమ్ముడూ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్ కొట్టేస్తే పోగొట్టుకున్నోళ్ళని 'మీ మీద ప్రభావం పడిందా' అని అడిగితే అందరూ 'ఏం లేదు' అన్నారన్నావ్ కదా, అట్లా అడిగితే ఎవరైనా అదే అంటారు. జరిగింది అడుగు, ఎన్ని రోజులు పనికి పోలేదు, ఓటీపీ రాక ఏ పేమెంట్ ఆగింది, కొత్త ఫోన్ ఈఎంఐ ఎంత, చీకటి పడ్డాక మెట్రో దిగి నడిచి రావడం మానేశారా. నిద్ర, భయం సంగతి మాత్రం అందరి ముందు అడగకు, అత్తగారు పక్కనే కూర్చుంటే కోడలు ఏం చెప్తది చెప్పు.

ఇంకా, ప్రశ్నలో 'ఎప్పుడైనా ఫోన్ పోయిందా' అని పెట్టకు, జనం రెండేళ్ళ కిందటిది కూడా మొన్ననే అన్నట్టు చెప్తారు. అమెరికాలో 1973లో మొదలైన ఎన్‌సీవీఎస్ అనే సర్వే, అంటే నేరాల బారిన పడ్డారా అని జనాన్నే అడిగే సర్వే, గత 6 నెలలే అడుగుతుంది. నువ్వైతే బోనాలకి ముందా తర్వాతా అని గుర్తు చేసి అడుగు.

నీ సర్వే లెక్క ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు పెట్టే ప్రభుత్వ సంస్థ) లెక్కతో కలవట్లేదని టెన్షన్ ఎందుకు, అవి పోలీసుల దాకా పోయిన కేసులే కదా. 'కంప్లైంట్ ఇచ్చారా, ఇవ్వకపోతే ఎందుకు' అన్నది తప్పక పెట్టు, నాకైతే అసలు సరుకు అక్కడే ఉంటుంది. ఫోన్ పోగొట్టుకోనోళ్ళని కూడా కొంతమందిని అవే భయం ప్రశ్నలు అడుగు, లేకపోతే ఆ భయం దొంగతనం వల్లనా లేక ఆ గల్లీలో లైట్లు లేకనా తేల్చలేవు.